సదుపాయ సన్నిధి రుసుము

మా ఓడలపాలెంలో బోట్లు ఆగే చోటుని మొన్నమొన్నటిదాకా రేవు అనేవాళ్లం. ఇప్పుడు మెరీనా అనాలి. రేవు అంటే జరిమానా. మెరీనాకీ జరిమానాకీ ప్రాస కూడా కుదిరింది కనక మాకు గుర్తుపెట్టుకోవడం కష్టం కాలేదు.

ఎవరో పెద్దాయన అధ్యయనం కోసం విదేశాలకి వెళ్లి, అక్కడ బారులు తీరిన తెల్లటి పడవల ముందు నిలబడి ఫొటో తీయించుకున్నారట. అలాంటి ఫొటో కోసం మనవాళ్లు అంత దూరం పోవలసి రావడం ఏమిటని ఆయన మనసు నొచ్చుకుంది. ఆ నొప్పే మా రేవుని మెరీనా చేసింది.

పనులు చురుగ్గా సాగాయి. రాతి మెట్లు తవ్వేసి గులాబీ రంగు టైల్స్ పరిచారు. వాన పడితే వాటిమీద చేపల తట్టతో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఏట్లోకి చేరతాడు. బోరింగు పంపు అందానికి అడ్డొస్తోందని పీకేసి అక్కడ సిమెంటుతో డాల్ఫిన్ కట్టారు. దాని నోట్లోంచి తాగునీరు రావాలి. మా జాలర్లు దాని చుట్టూ తిరిగి చూసి, అది ఏ చేపో తేల్చలేక, 'గవర్నమెంటు చేప' అని పేరు పెట్టుకున్నారు. దీపస్తంభాలు కూడా నిలబెట్టారు. అవి ఎండ కాసినంతసేపూ వెలిగి, పొద్దు వాలగానే ఆరిపోతాయి.

మరుగుదొడ్లు మాత్రం నిజంగా బాగా కట్టారు. మంత్రిగారు ప్రారంభించాలని తాళం వేశారు. ఆయనకి తీరిక చిక్కేలోగా ఆయన పదవి పోయింది. కొత్త మంత్రిగారు, శిలాఫలకం మీద పాతాయన పేరు ఉన్నంతకాలం ఆ గుమ్మం తొక్కనన్నారు. ఫలకం మార్చడానికి టెండర్లు పిలిచారు.

గట్టు మీద పెద్ద బోర్డు పెట్టారు. స్థానిక నౌకలకూ, స్థానికుల కుటుంబ సభ్యుల నౌకలకూ ప్రవేశం ఉచితం, అతిథి నౌకలకు మాత్రం రుసుము అని దాని సారాంశం. ఇందులో పెద్ద తిరకాసేమీ లేదు. స్థానికులకి ఇక్కడ ఓటుంది, అతిథులకి లేదు.

ఈ వ్యవహారమంతా చూడ్డానికి నౌకాతిథ్య నిర్వహణాధికారిగా వైకుంఠరావుగారు వచ్చారు. అంతకుముందు ఆయన పట్టుపురుగుల శాఖలో పనిచేశారు. నీళ్లు చూస్తే కళ్లు తిరుగుతాయని ఎప్పుడూ సముద్రానికి వీపు పెట్టి కూర్చునేవారు. చెడ్డమనిషి కాదు. లంచం ముట్టరు, ఎవరినీ తిట్టరు. నిబంధన అంటే మాత్రం ఆయనకి తల్లిమాటతో సమానం. ఆయన కింద పెమ్మాడి చిట్టిబాబు ఉద్యోగి. చిట్టిబాబు మా ఊరివాడే. నడివయసు దాకా బోటు నడిపి, నడుం పట్టేశాక ఈ కొలువులో చేరాడు. రేవుకాపలా అంటే బాగుండదని అతని హోదాకి 'సత్కార సహాయకుడు' అని పేరు పెట్టి, నెత్తిన తెల్లటోపీ పెట్టారు.

ఈ మెరీనాకి మొదటి అతిథి సూరాడ దానయ్య.

దానయ్యది సిక్కోలు వైపు నూకలపేట. తన బోటు తనే నడుపుకునే సరంగు. వేటకి దక్షిణానికి వస్తే, దారిలో మా రేవులో ఆగి నీళ్లూ ఐసూ ఎక్కించుకుని పోవడం అతని తండ్రినాటి అలవాటు. ఆ పొద్దున ఇంజిను వేడెక్కి పొగ కక్కుతుంటే, కలాసీలతో సహా మెల్లగా వచ్చి గట్టుకి బోటు కట్టాడు. టైల్స్ మీద కాలు పెట్టి, జారి, లేచి, ఎదురుగా చేతులు జోడించి నిలబడ్డ వైకుంఠరావుగారిని చూశాడు.

"అతిథి దేవోభవ," అన్నారు వైకుంఠరావుగారు. "సదరు నౌక ఎచ్చటి నుండి విచ్చేసినది?"

దానయ్య చిట్టిబాబు వంక చూశాడు.

"ఏ ఊరని అడుగుతున్నారండీ," అన్నాడు చిట్టిబాబు.

"నూకలపేట బావూ. ఇంజిను ఏడెక్కిపోతంది. రొండ్రోజులుండి బాగుసేసుకొని ఎలిపోతాం."

"పరమానందం. లంగరు రుసుము, తాగునీటి రుసుము, పారిశుధ్య రుసుము, దీపకాంతి రుసుము, సుందర దృశ్య వీక్షణ రుసుము. వెరసి..." అంటూ ఆయన చెప్పిన అంకె విని దానయ్య పక్కనున్న గవర్నమెంటు చేపని పట్టుకుని నిలబడ్డాడు.

"నీల్లేవి బావూ?"

"మీరు పట్టుకున్నది అదే."

"దీన్లోంచి సుక్క రాట్నేదు గదా!"

"నీరు వచ్చుట రెండో దశలో ఉన్నది. రుసుము వచ్చుట మొదటి దశ."

"మరుగుదొడ్డికి తాళవేసుంది."

"తాళం ఉన్నది కదా? లేనిదానికి ఎవరైనా తాళం వేస్తారా? కనుక మరుగుదొడ్డి ఉన్నట్టే."

దానయ్య కాసేపు ఆలోచించాడు. ఆ వాదంలో తప్పేమీ దొరకలేదు. "వాడందానికి డబ్బులేటి బావూ?" అన్నాడు చివరికి.

వైకుంఠరావుగారు ఓపిగ్గా చిరునవ్వు నవ్వారు. "ఇది వాడకపు రుసుము కాదయ్యా. సదుపాయ సన్నిధి రుసుము. గుడికి వెళతావు. దేవుడు లేచొచ్చి నీతో మాట్లాడతాడా? అయినా హుండీలో వేస్తావు. ఎందుకు? సన్నిధిలో నిలబడ్డావు కనుక. ఇదీ అంతే."

"దేవుడు అడగడు బావూ," అన్నాడు దానయ్య.

వైకుంఠరావుగారు రసీదు పుస్తకం తెరిచారు.

మర్నాడు తెల్లవారుతూనే దానయ్య కలాసీలు మడచెట్ల చాటుకి వెళ్లివచ్చారు. వచ్చేసరికి దానికీ జరిమానా సిద్ధంగా ఉంది. మరుగుదొడ్డి సన్నిధిలో ఉండి కూడా దాన్ని కాదని చెట్ల చాటుకి పోవడం సదుపాయాన్ని అవమానించడమే అన్నారు. తాళం సంగతి ఒక కలాసీ ఎత్తబోతే, తాళం వేయడం ప్రారంభోత్సవ శాఖ పరిధిలోదనీ, వాడకపోవడం మాత్రం పూర్తిగా అతిథి బాధ్యతేననీ వైకుంఠరావుగారు విడమరిచి చెప్పారు.

దానయ్య దగ్గర అంత సొమ్ము లేదు. ఉన్నదంతా ఇంజిను సామానుకి పోయింది. రుసుము చెల్లించేదాకా కదలకూడదని బోటుకి గొలుసు వేసి కట్టేశారు. కదలకుండా ఉన్నందుకు రోజురోజుకీ బస రుసుము కలుస్తుందని కూడా చెప్పారు.

దానయ్య గట్టు మీద గొంతుక్కూర్చుని గొలుసు వంక చూశాడు. "అంతే, డబ్బులు కట్నేదని కట్టేసినారు. కట్టేసినందుకు డబ్బులు కట్టాల."

"సరిగ్గా గ్రహించారు," అన్నారు వైకుంఠరావుగారు మెచ్చుకోలుగా.

రేవు చివర తాటాకుల పాకలో అన్నం హోటలు నడిపే ఓలేటి సత్తెమ్మ ఇదంతా చూస్తూనే ఉంది. సత్తెమ్మ మొగుడు చాలా ఏళ్ల కిందట వేటకి వెళ్లి మరి తిరిగి రాలేదు. ఆ సంగతి ఆమె ఎత్తదు, మేమూ ఎత్తం. రేవుకి ఏ ఊరి బోటు వచ్చినా మనుషులకి ముందు మంచినీళ్లిచ్చి, తర్వాతే డబ్బు సంగతి అడగడం ఆమె పద్ధతి. బోరింగు పీకేశాక ఊళ్లోంచి బిందెతో మోసుకొచ్చి మరీ దానయ్య మనుషులకి పోసింది.

దానికీ వైకుంఠరావుగారు వచ్చారు. "ప్రైవేటు వ్యక్తులు అతిథులకు నీరు సరఫరా చేసిన ఎడల మెరీనా నీటి సదుపాయము నిరుపయోగమగును."

"మీ చేప నోట్లోంచి చుక్క రాలితే నేనెందుకు మోస్తానండీ నడుం విరగ్గొట్టుకుని?" అంది సత్తెమ్మ. "దాహమన్నోడికి నీళ్లు పోత్తే ఆపేశారనుకోండి, ఆ పాపం మీ ఆఫీసులో ఏ బల్ల మీదకెళ్తాదో కనుక్కుని చెప్పండి. అప్పుడు మానేత్తాను."

వైకుంఠరావుగారు నిజంగానే కనుక్కుంటానని వెళ్లారు.

ఆ సాయంత్రం దానయ్య తమ్ముడు ఎర్రయ్య ఫోను చేశాడు. అతని బోటూ, నూకలపేటవే మరి రెండు బోట్లూ మా మొగ దగ్గరికి వస్తున్నాయి. మొగ అంటే ఏరు సముద్రంలో కలిసేచోటు. అప్పటికి సముద్రం చెరువులా ఉంది. ఒళ్లు మండిపోయి ఉన్న దానయ్య, "ఇటు రాకురోయ్. ఇది రేవు కాదు, బోను. మొగ బయటే లంగరేసుకోండి. నాను ఎలాగోలా వొదిలించుకొనొస్తాను," అన్నాడు. అన్నమాట జవదాటని ఎర్రయ్య, బయటే లంగరు దించాడు.

బయట లంగరేసిన బోట్లని చిట్టిబాబు టోపీ సర్దుకుంటూ చూశాడు. చూసినవాడు ఊరుకోకుండా, "పాపం, మూడు బోట్లండీ," అని పైకే అనేశాడు. సముద్రానికి వీపు పెట్టి కూర్చున్న వైకుంఠరావుగారు ఆ మాట విని నిటారుగా అయ్యారు. అతిథులు గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, రుసుము ఎగ్గొట్టి, మెరీనా దృశ్యాన్ని దూరం నుంచి ఉచితంగా వీక్షిస్తున్నారు! పైవాళ్లకి రాశారు. ఏ పనికైనా నెలలు పట్టే శాఖ ఈ ఒక్కదానికీ వెంటనే కదిలింది. ఏటి మొగకి అడ్డంగా ఇనప తాడు లాగి, దానికి నారింజ రంగు డ్రమ్ములు కట్టి, గట్టున చక్రం బిగించారు. దాని పేరు తేలియాడే ద్వారం. ఇకనుంచి అతిథి నౌక ముందే సొమ్ము చెల్లిస్తేనే చక్రం తిప్పి తాడు దించుతారు. సముద్రంలో ఉండి ఎలా చెల్లించాలంటే, ఫోనుతో చెల్లించాలి. చెల్లించడానికి ఫోనుతో ఫొటో తీయవలసిన గళ్ల బొమ్మ ఒకటి బోర్డు మీద అతికించారు. ఆ బోర్డు ద్వారానికి లోపలివైపు ఉంది.

వాయుగుండం ఒరిస్సా పోతుందని రేడియో చెప్పింది. అది మాత్రం మనసు మార్చుకుని మావైపు తిరిగింది.

ద్వారం బిగించిన మర్నాడు మధ్యాహ్నం భోజనాలవేళకే ఆకాశం మడ్డి రంగుకి వచ్చింది. మా బోట్లన్నీ లోపలికి వచ్చేశాయి. ప్రతిదానికీ చిట్టిబాబు తాడు దించాడు, మళ్లీ ఎత్తాడు. మొగ బయట ఎర్రయ్య బోటూ, మిగిలిన రెండూ ఎగిరెగిరి పడుతున్నాయి. గట్టు మీంచి చూస్తే ఒక కెరటం వచ్చినప్పుడు బోటు కనబడుతుంది, మరో కెరటానికి కనబడదు.

దానయ్య మెరీనా కార్యాలయానికి పరుగెత్తాడు. వెనకే మేమూ వెళ్లాం.

"బావూ, తాడు దించండి బావూ! నా తమ్ముడున్నాడక్కడ. నానే రావొద్దన్నాను. నా నోరు పడిపోను! ఎంతంటే అంత రాసుకోండి, నా బోటు ఉంచేసుకోండి. ముందు ఆళ్లని లోపలికి రానియ్యండి!"

వైకుంఠరావుగారి మనసులో జాలి లేదని నేను అనను. "మానవతా దృక్పథముతో పరిశీలించినచో అనుమతించవలసిందే," అన్నారు. "కానీ నాయనా, అనుమతి దరఖాస్తులో మానవతా దృక్పథమునకు గడి లేదు."

"పై వాళ్లనడగండి సార్," అన్నాడు చిట్టిబాబు.

ఆయన ఫోను చేశారు. మళ్లీ చేశారు. చివరికి ఎవరో ఎత్తి, అధికారులంతా తుఫాను సన్నద్ధత మీద సమీక్షా సమావేశంలో ఉన్నారనీ, తుఫాను దాటేదాకా సమావేశం కొనసాగుతుందనీ, ఈలోగా విసిగించవద్దనీ చెప్పారు.

గాలికి కిటికీ రెక్క టపటపా కొట్టుకుంటోంది. అప్పుడు గుంపు వెనకనుంచి సత్తెమ్మ ముందుకొచ్చింది. చేతికి ఇంకా వరిపిండి ఉంది.

"అయ్యా, బోర్డు మీద ఏం రాశారు? ఇక్కడోళ్ల చుట్టాల బోట్లకి డబ్బుల్లేవనా?"

"స్థానికుల కుటుంబ సభ్యుల నౌకలకు," సవరించారు వైకుంఠరావుగారు.

"ఆ బయటున్న బోటు మా తమ్ముడిది."

వైకుంఠరావుగారు ఫోను కింద పెట్టారు.

"ఎవరు తమ్ముడు?"

"ఎర్రయ్య. ఇదిగో, ఈ దానయ్యా నా తమ్ముడే. ఇద్దరూ."

"అమ్మా, మీ ఇంటిపేరు ఓలేటి. వీరిది సూరాడ."

"ఆడదానికి పెళ్లయితే ఇంటిపేరు మారదాండీ? మీ అక్కగారిది మారలేదా?"

వైకుంఠరావుగారు ఆలోచించారు. ఆయన అక్కగారి ఇంటిపేరు మారింది. "కానీ వీరి భాష వేరు, మీ భాష వేరు."

"చిన్నప్పుడే అటెళ్లిపోయారు. ఏ నీళ్లు తాగితే ఆ మాట."

"నిజమేనా?" అని ఆయన దానయ్యని అడిగారు.

దానయ్య తలెత్తి సత్తెమ్మని చూశాడు. "అప్పా," అన్నాడు.

"అప్పు సంగతి కాదు నేను అడిగింది."

"అక్కని ఆ వైపు అప్పంటారు సార్," అన్నాడు చిట్టిబాబు. టోపీ తీసి బల్లమీద పెట్టాడు. "పక్కనున్న రెండో బోటు మా వియ్యంకుడిదండీ. ఇప్పుడే గుర్తుపట్టేను."

"మూడోది మా బావది!" అన్నారు వెనకనుంచి ఇద్దరు ఒకేసారి. తర్వాత వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తామూ అన్నదమ్ములమేనని ఒప్పుకున్నారు.

"బంధుత్వ ధ్రువీకరణ పత్రం..." అని వైకుంఠరావుగారు ఏదో అనబోతున్నారు. కానీ వినడానికి అక్కడ చిట్టిబాబు లేడు. వానలో వంగిన నడుంతోనే పరుగెత్తి, చక్రం దగ్గరికి చేరి, తాడు వదిలేశాడు. నారింజ డ్రమ్ములు గిరగిరా తిరుగుతూ ఒక పక్కకి కొట్టుకుపోయాయి.

రెండు బోట్లు కెరటం వీపెక్కి లోపలికి దూసుకొచ్చాయి. ఎర్రయ్య బోటు మాత్రం మొగలో ఇసక మేటకి తగిలి అడ్డం తిరిగింది. కెరటం ఒకటి దాని మీంచి దాటిపోయింది. సత్తెమ్మ మరిది ఫైబర్ పడవ విప్పాడు. దానయ్య అందులోకి దూకాడు. ఇంకో ముగ్గురు మావాళ్లు దూకారు. వాన ముసుగులో వాళ్లు ఏం చేశారో మాకు సరిగ్గా కనబడలేదు. తాడు విసిరారు, అందలేదు. మళ్లీ విసిరారు. సత్తెమ్మ గట్టున నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొగ వంకే చూస్తోంది. పక్కన నిలబడలేక నేను కాస్త దూరం జరిగాను. చివరికి తాడు బిగిసింది. బోటు ముక్కు మెల్లగా లోపలికి తిరిగింది.

గట్టెక్కగానే దానయ్య తమ్ముడి చెంప మీద ఒక్కటిచ్చాడు. "మబ్బు పట్టినప్పుడే లోపలికొచ్చీడానికేటైందిరా నీకు?"

"నువ్వే కదన్నా రావొద్దన్నావు," అన్నాడు ఎర్రయ్య, చెంప పట్టుకుని.

దానయ్య అతన్ని గుండెకి హత్తుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎర్రయ్యకి మాత్రం ఒకటే అర్థం కాలేదు. ఎప్పుడూ చూడని ఎవరో ఆడమనిషి తన తల తుడుస్తూ, "తిన్నావా తమ్ముడూ?" అని అడుగుతోంది.

తుఫాను దాటాక లెక్క చిక్కుబడింది. దానయ్య స్థానికుడి కుటుంబ సభ్యుడైతే, ఇన్నాళ్లూ అతని బోటుకి గొలుసు వేయడం పొరపాటు. పొరపాటంటే కార్యాలయం చేసినట్టవుతుంది. కార్యాలయం పొరపాటు చేయదు. వైకుంఠరావుగారు రెండ్రోజులు మథనపడి, దానయ్య మొదటినుంచీ ఓడలపాలెం వాడేననీ, ఆ సంగతి ఇన్నాళ్లూ అతనికి తెలియదనీ తేల్చి గొలుసు విప్పించారు. చిట్టిబాబుని మాత్రం, వియ్యంకుడి రాకను ముందుగా తెలియపరచనందుకు, మందలించి వదిలేశారు.

అక్కడితో ఆగితే మా ఊరు బాగానే ఉండేది. కానీ, నాలుగు నౌకలు రాగా ఒక్క అతిథీ లేకపోవడం పైవాళ్లని కలవరపెట్టింది. సమీక్ష జరిగింది. కొత్త ఉత్తర్వు వచ్చింది. దాన్ని వైకుంఠరావుగారు గట్టు మీద నిలబడి మాకు చదివి వినిపించారు.

"బంధువు అనగా చుట్టపుచూపుగా వచ్చువాడు. చుట్టపుచూపుగా వచ్చువాడు అతిథియే. కనుక ఇందుమూలముగా బంధు నౌకలను అతిథి నౌకలుగా పరిగణించడమైనది. బావలకు అదనము."

"బావలకెందుకండీ?" అన్నారెవరో.

"వారు ఎక్కువ రోజులు ఉందురు."

దానికి సగం ఊరు తలూపింది కూడా. తర్వాత నెలలో రెండో ఉత్తర్వు వచ్చింది. స్థానిక నౌక రేవు విడిచి సముద్రంలోకి పోయిన క్షణం నుంచీ అది సముద్రానికి చెందుతుంది. తిరిగి వచ్చినప్పుడు సముద్రం నుంచి వస్తుంది. సముద్రం ఓడలపాలెంలో లేదు. కనక అది కూడా అతిథే. వేటకి పోని బోటు మాత్రమే నిఖార్సైన స్థానిక నౌక.

ఆ రోజు మావాళ్లు కోప్పడలేదు, ధర్నా చేయలేదు. పొద్దున్నే తాళ్లు విప్పుకుని, ఏరు దాటి, ఆవలి గట్టు బురదలో కొయ్యలు పాతుకుని, బోట్లన్నీ అక్కడ కట్టుకున్నారు. ఆ గట్టు వేరే పంచాయతీది. అక్కడ టైల్స్ లేవు, దీపాలు లేవు, చేప లేదు. సత్తెమ్మ తన పాక విప్పి అక్కడ వేసుకుంది. నూకలపేట వాళ్లు వచ్చినప్పుడల్లా అక్కడే దిగేవారు. 'అప్పా' అన్న కేక ఏరు దాటి మాకు వినిపించేది.

మెరీనా ఖాళీ అయింది. వైకుంఠరావుగారు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. ఉద్యోగం ఊడుతుందనే అనుకున్నారు. అలాంటి సమయంలో దేశంలోని మెరీనాలన్నిటినీ తూకం వేసే కమిటీ ఒకటి వచ్చి చూసింది. నీళ్ల మీద నూనె తెట్టు లేదు. గట్టు మీద చేప పొలుసు లేదు. మరుగుదొడ్లు కట్టిననాటి మెరుపుతోనే ఉన్నాయి. ఏ అతిథి నుంచీ ఒక్క ఫిర్యాదు లేదు. అత్యంత పరిశుభ్రమైన మెరీనాగా ఓడలపాలేనికి ప్రథమ బహుమతి ప్రకటించారు.

బహుమతి ఇవ్వడానికి శాఖ కమిషనరుగారే వచ్చారు. స్వాగతోపన్యాసం సాగింది. కొబ్బరినీళ్లిచ్చారు. ఉపన్యాసం ఇంకా సాగింది. మళ్లీ కొబ్బరినీళ్లిచ్చారు. కమిషనరుగారు కుర్చీలో అటూ ఇటూ మెదిలి, వైకుంఠరావుగారి చెవిలో ఏదో అడిగారు.

"చిత్తం. ప్రారంభోత్సవం కాలేదండి. శిలాఫలకం రెండో టెండరులో ఉందండి."

"తాళంచెవి?"

"మంత్రిగారి పేషీలో భద్రంగా ఉందండి."

కమిషనరుగారు చెట్ల వైపు చూశారు. ఆ చూపు గమనించి వైకుంఠరావుగారు, అతి వినయంగా, జరిమానా సంగతి విన్నవించారు. మెడలో దండతోనే కమిషనరుగారు టైల్స్ మీద దిగి, జారి, చిట్టిబాబు నడిపే చిన్న పడవలో పడి, ఆవలి గట్టుకి పోనిమ్మన్నారు.

అవతల వలలు బాగుచేసుకుంటున్న దానయ్య ఆయన వాలకం చూడగానే అడగవలసిందేమీ లేదని గ్రహించాడు. డబ్బా నిండా నీళ్లు ముంచి చేతికిచ్చి, చెట్ల వైపు చూపించాడు. కమిషనరుగారు జేబు తడుముకున్నారు. "ఎంత?"

"దీనికి డబ్బులేటి బావూ! ముందు ఎల్లిరండి."

కాసేపటికి తేటపడ్డ ముఖంతో తిరిగొచ్చిన కమిషనరుగారు ఆ గట్టుని కలియజూశారు. బోట్లు, వలలు, వంటపొగ, నవ్వులు. సత్తెమ్మ పెట్టిన చేపల పులుసు కూడా తిన్నారు. రెండోసారి వడ్డించుకున్నారు. ఎంతో కదిలిపోయి, "ఇంత మంచి చోటుని ఇన్నాళ్లూ మా శాఖ పట్టించుకోకపోవడం అన్యాయం," అన్నారు.

వారం తిరగకుండానే మెరీనా రెండో దశ మంజూరైంది. సర్వేవాళ్లు గొలుసులు లాక్కుంటూ ఆవలి గట్టుకి వచ్చారు. సత్తెమ్మ పాక గుమ్మం ముందు, సరిగ్గా నడిచే దారిలో, తెల్లసున్నం కొట్టిన హద్దురాయి ఒకటి పాతారు.

దానయ్య, ఎర్రయ్య, మావాళ్లూ దాని చుట్టూ చేరారు. "పీకీమంటావేటప్పా?" అన్నాడు ఎర్రయ్య.

సత్తెమ్మ వంగి రాయిని అరచేత్తో రాసి చూసింది. వేలితో సున్నం గీకింది. లోపల మంచి నల్లరాయి.

"ఉంచరా," అని లోపలికెళ్లి, మొద్దుబారిన చేపల కత్తి తెచ్చి, నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి, ఆ రాయి మీద నూరడం మొదలుపెట్టింది.